టూల్ అమార్టైజేషన్ మీద జీఎస్టీ: పన్ను పడాలి, బిల్లు మొత్తం మాత్రం పెరగకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఒక వాహన కంపెనీకి ప్లాస్టిక్ విడిభాగాలు చేసి ఇస్తున్నారు. వాటిని పోసే మౌల్డ్ (అచ్చు, దీన్నే టూల్ అని కూడా అంటారు) కస్టమర్‌ది. ఆ మౌల్డ్ ఖర్చును అది కొట్టే పీసులన్నిటికీ పంచి, పీసుకు ఇంత అని అమార్టైజేషన్ కాస్ట్ లెక్కగట్టి దాని మీద కూడా జీఎస్టీ వేయమని మీ అకౌంట్స్ వాళ్ళు అంటున్నారు. ఆ అమార్టైజేషన్ డబ్బు మాత్రం కస్టమర్ ఇవ్వడు, కాబట్టి బిల్లు మొత్తంలో కలవకూడదు. శాప్ (SAP) సాఫ్ట్‌వేర్‌లో ప్రైసింగ్ ప్రొసీజర్, అంటే బిల్లులో ధర, పన్ను వరుసగా లెక్కగట్టే పట్టిక, ఎలా పెట్టాలి అని అడిగారు.

పెట్టొచ్చు, పెద్ద పనేం కాదు. కానీ కాన్ఫిగరేషన్ తెరిచే ముందు ఒక కాగితం తెరవండి. కస్టమర్‌తో మీ ఒప్పందం, లేదా కనీసం పర్చేజ్ ఆర్డర్. అందులో టూల్ ఎవరు తెచ్చుకోవాలని రాసుందో చూడండి. అమార్టైజేషన్ మీద పన్ను వేయాలా వద్దా అన్నది ఆ వాక్యమే తేలుస్తుంది. నేను చూసిన చాలా చోట్ల ఆ వాక్యం ఎవరూ చదవకుండానే కండిషన్ టైప్ (ప్రొసీజర్‌లో ధర, డిస్కౌంట్, పన్ను లాంటి ఒక్కో అంశం) తయారైపోతుంది.

ఎక్సైజ్ రోజుల్లో ఈ గొడవ లేదు. 2000 నాటి సెంట్రల్ ఎక్సైజ్ వాల్యుయేషన్ రూల్స్‌లో 6వ రూలు ప్రకారం, కొనుగోలుదారు ఉచితంగా ఇచ్చిన టూల్స్, డైలు, మౌల్డ్‌ల విలువను దామాషాగా విభజించి సరుకు అసెసబుల్ విలువకు, అంటే పన్ను లెక్కగట్టే విలువకు, కలపాల్సిందే. అందుకే ఆటో విడిభాగాల కంపెనీలన్నిటి ప్రైసింగ్ ప్రొసీజర్లలో అమార్టైజేషన్ వరుస ఒకటి ఉండేది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు చాలామంది పాత ప్రొసీజర్‌ను కాపీ కొట్టి, పన్ను కండిషన్లు మాత్రం మార్చి వాడుకున్నారు. అమార్టైజేషన్ వరుస అలాగే ఉండిపోయింది. మీ అకౌంట్స్ వాళ్ళు చెప్పేది ఆ అలవాటు కొద్దీ చెప్తున్నదేమో కనుక్కోండి.

జీఎస్టీలో సంగతి వేరు. సీజీఎస్టీ చట్టం 15(2)(బి) ప్రకారం, సరఫరాదారు భరించాల్సిన ఖర్చును అతని బదులు కొనుగోలుదారు భరించి, అది ధరలో చేరకపోతే, దాన్ని విలువకు కలపాలి. ఇక్కడ కీలకం ‘సరఫరాదారు భరించాల్సిన’ అన్నదే. 2018 జూన్ 8న వచ్చిన 47/21/2018 సర్క్యులర్ దీన్ని మౌల్డ్‌లు, డైల విషయంలో విడమరిచి చెప్పింది. మొదటి రకం: మౌల్డ్ కస్టమరే ఉచితంగా ఇవ్వాలన్నది ఒప్పందమైతే, దాని విలువను విడిభాగం విలువకు కలపక్కర్లేదు. మౌల్డ్ పంపడం కూడా సరఫరా కిందికి రాదు. రెండో రకం: అలా కాకుండా, మౌల్డ్ మీరే సమకూర్చుకుని సరుకు చేసివ్వాలని ఒప్పందం ఉండి, కస్టమర్ తన మౌల్డ్ ఉచితంగా ఇస్తే, అప్పుడు అమార్టైజ్ చేసిన ఖర్చును విడిభాగం విలువకు కలిపి పన్ను కట్టాలి. పైగా ఆ మౌల్డ్ మీద కస్టమర్ తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకోవడం) అతను వెనక్కి కట్టాలి. ఈ చివరి మాట కస్టమర్ చెవిన వేస్తే ఒప్పందంలో వాక్యం సరిచేయడానికి వాళ్ళే తొందరపడతారు. ఇదంతా మీరూ కస్టమరూ సంబంధం లేని వేర్వేరు సంస్థలైనప్పుడే. ఒకే గ్రూపు కంపెనీలైతే వాల్యుయేషన్ రూల్స్ వేరుగా వర్తిస్తాయి, అది మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోవాలి.

మూడో రకం కూడా ఉంది, మొదటి రెండింటితో తరచూ కలిసిపోతుంది. టూల్ మీరే చేయించారు, దాని ఖర్చు పీసు ధర మీద కొంత కొంతగా కస్టమర్ దగ్గర వసూలు చేస్తున్నారు. దీన్నీ వాడుకలో అమార్టైజేషన్ అనే అంటారు. కానీ ఇది నిజంగా చేతికొచ్చే డబ్బు, ధరలో భాగం. దానికి మామూలు ధర కండిషన్ చాలు, కింద చెప్పబోయే ప్లస్ మైనస్ తంతు అక్కర్లేదు.

నాలుగోది, టూల్ చేయించి కస్టమర్‌కే బిల్లు చేసి, వస్తువు మాత్రం మీ దగ్గరే ఉంచుకోవడం. టూల్ అమ్మకం మీద పన్ను అప్పుడే పడిపోతుంది. ఆ తర్వాత అది కస్టమర్ మీకు ఉచితంగా ఇచ్చిన టూలే అవుతుంది, ఒప్పందంలో కూడా ఆ మాట అలాగే ఉండేలా చూసుకోండి.

సరే, మీది రెండో రకమే అనుకుని లెక్కలోకి వస్తాను.

పీసు రేటు కట్టేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, టూల్ ఖర్చును షాట్లతో భాగించి పీసు రేటు అనుకోవడం. మౌల్డ్ జీవితకాలం షాట్లలో చెప్తారు. షాట్ అంటే మౌల్డ్ ఒకసారి కొట్టడం, క్యావిటీ అంటే ఒక షాట్‌కు ఒక పీసు తయారయ్యే గుంట. 12,00,000 రూపాయల మౌల్డ్, 3,00,000 షాట్ల జీవితం, ఒకే క్యావిటీ అయితే పీసుకు 4 రూపాయలు. రెండు క్యావిటీలుంటే 6,00,000 పీసులు వస్తాయి, పీసుకు 2 రూపాయలే. టూల్ రూమ్ వాళ్ళ దగ్గర క్యావిటీల సంఖ్య రాయించుకోండి. రెండు, టూల్ కొన్న బిల్లులో జీఎస్టీతో కలిపిన మొత్తాన్ని ఖర్చుగా తీసుకోవడం. ఆ పన్నుకు కస్టమర్ క్రెడిట్ తీసుకుని ఉంటే అది ఖర్చే కాదు. ఏ ధర తీసుకోవాలో కస్టమర్ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

చిన్న చిన్న పీసులకు ఇంకో చిక్కుంది. 90,000 రూపాయల టూల్ 24,00,000 పీసులు కొడుతుందంటే పీసుకు 0.0375 రూపాయలు. కండిషన్ రికార్డులో (రేటు నమోదు చేసే చోట) రూపాయికి రెండు దశాంశ స్థానాలే ఉంటాయి కాబట్టి దాన్ని 0.04 అని వేస్తే అదనపు పన్ను, 0.03 అని వేస్తే తక్కువ పన్ను. ప్రైసింగ్ యూనిట్‌ను 1,000 పీసులు చేసి 37.50 అని పెట్టండి, సరిపోతుంది.

ఇక ప్రొసీజర్. పీసు ధర 46 రూపాయలు, 500 పీసుల బిల్లు, అమార్టైజేషన్ పీసుకు 4 రూపాయలు, పన్ను 18 శాతం అనుకుందాం. మనకు రావాల్సింది ఇదీ: సరుకు 23,000, అమార్టైజేషన్ 2,000, పన్ను విలువ 25,000, పన్ను 4,500, కస్టమర్ కట్టేది 27,500. అమార్టైజేషన్ లేకపోతే పన్ను 4,140 అయ్యేది. అంటే ఈ హడావుడి అంతా బిల్లుకు 360 రూపాయల కోసం, కస్టమర్‌కు అది కూడా క్రెడిట్‌గా తిరిగొస్తుంది. అయినా చట్టం వేయమన్నప్పుడు వేయాల్సిందే.

వి/06లో (కండిషన్ టైప్‌లు చేసే శాప్ స్క్రీన్) రెండు కండిషన్ టైప్‌లు చేయండి. ఒకటి జెడ్‌ఏఎమ్‌టీ అందాం, పరిమాణం మీద లెక్కయ్యే రకం, అంటే కాలిక్యులేషన్ టైప్ సీ. రెండోది జెడ్‌ఏఎమ్‌ఆర్, శాతం రకం, కాలిక్యులేషన్ టైప్ ఏ, మైనస్ గుర్తుతో. రెండింటికీ మాన్యువల్ ఎంట్రీస్ దగ్గర డీ పెట్టండి, ఆర్డర్‌లో ఎవరూ చేత్తో మార్చకుండా. మొదటిదానికి కస్టమర్, మెటీరియల్ కలిపిన యాక్సెస్ సీక్వెన్స్ (రేటును వేటి ఆధారంగా వెతకాలో చెప్పే క్రమం) ఇవ్వండి. ఒకే పార్ట్ రెండు ప్లాంట్లలో రెండు వేర్వేరు టూల్స్ మీద నడుస్తుంటే ప్లాంట్ కూడా చేర్చాలి. రెండోదానికి సేల్స్ ఆర్గనైజేషన్ స్థాయిలో వీకే11లో (రికార్డులు వేసే స్క్రీన్) మైనస్ 100 శాతం అని ఒకే ఒక్క రికార్డు వేసి, గడువు 31.12.9999 పెట్టేయండి.

వి/08లో (ప్రొసీజర్ తయారుచేసే స్క్రీన్) వరుసలు ఈ క్రమంలో వస్తాయి. ‘ఫ్రమ్’ అంటే ఏ వరుస విలువ మీద లెక్కవ్వాలో:

10 – మూల ధర
20 – డిస్కౌంట్లు
30 – ప్యాకింగ్, రవాణా
100 – నికర ధర (మొత్తం వరుస)
110 – జెడ్‌ఏఎమ్‌టీ
120 – పన్ను విలువ (మొత్తం వరుస)
200 – జేఓసీజీ (సీజీఎస్టీ), ఫ్రమ్ 120
210 – జేఓఎస్‌జీ (ఎస్‌జీఎస్టీ), ఫ్రమ్ 120
220 – జేఓఐజీ (ఐజీఎస్టీ), ఫ్రమ్ 120
300 – జెడ్‌ఏఎమ్‌ఆర్, ఫ్రమ్ 110
900 – బిల్లు మొత్తం, ఆల్టర్నేటివ్ కాలిక్యులేషన్ టైప్ 4

120వ వరుసలో ఫ్రమ్, టూ రెండూ ఖాళీగా వదిలేయండి, అక్కడిదాకా పోగైన మొత్తం దానంతటదే వస్తుంది. ప్యాకింగ్, రవాణా 120 కంటే పైనే ఉండాలి. సరుకుతో పాటు మీరు వసూలు చేసే అనుబంధ ఖర్చులూ పన్ను విలువలో భాగమే. వాటిని పన్నుల కిందికి నెట్టిన ప్రొసీజర్లు కూడా ఉంటాయి, మీ దాంట్లో అలా ఉంటే ఈ సందులోనే సరిచేసుకోండి.

ఇది పనిచేసే తీరు తెలిస్తే తర్వాత ఏ గొడవ వచ్చినా మీరే విప్పుకోగలరు. పన్ను కండిషన్లు కాని వాటన్నిటినీ, అవి స్టాటిస్టికల్ (చూపడానికే తప్ప మొత్తంలో కలవనివి) కాకపోతే, సిస్టమ్ ఐటెమ్ నికర విలువలో కలుపుకుంటూ పోతుంది. 110 దగ్గర 2,000 చేరి 25,000 అయింది. పన్నులు అక్కడ లెక్కయ్యాయి. 300 దగ్గర అదే 2,000 తిరిగి పోయింది, నికర విలువ 23,000కు వచ్చింది. టైప్ 4 అనేది నికర విలువకు పన్ను కలిపి ఇస్తుంది, 27,500. అమార్టైజేషన్ లేని పార్ట్‌కు 110లో ఏమీ రాదు, 300లో సున్నాకు వంద శాతం సున్నాయే. కాబట్టి ఒకే ప్రొసీజర్ అన్ని పార్టులకూ సరిపోతుంది, వేరే ప్రొసీజర్ చేయకండి.

జెడ్‌ఏఎమ్‌టీని స్టాటిస్టికల్ చేసి, పన్నులకు వీఓఎఫ్‌ఎమ్‌లో (సొంత కోడ్ చేర్చే చోట) ప్రత్యేకంగా బేస్ వాల్యూ రొటీన్ రాయడం అనేది కొందరు చెప్పే దారి. పనిచేస్తుంది. నాకు మాత్రం నచ్చదు. కోడ్ రాసినవాడు వెళ్ళిపోయాక దాని లోపల ఏముందో ఎవరికీ తెలియదు, పన్ను రేటు మారిన రోజున అందరూ దాని చుట్టూ మూగుతారు. ప్లస్ మైనస్ పద్ధతిలో ప్రతి రూపాయీ కండిషన్ స్క్రీన్ మీదే కనిపిస్తుంది, ఆడిటర్‌కు అక్కడే చూపించొచ్చు.

అకౌంట్ కీ (ఆ వరుస ఏ ఖాతాకు వెళ్ళాలో చెప్పే సంకేతం) దగ్గర జాగ్రత్త. జెడ్‌ఏఎమ్‌టీకి అమ్మకాల కీ ఈఆర్‌ఎల్, జెడ్‌ఏఎమ్‌ఆర్‌కు డిస్కౌంట్ల కీ ఈఆర్‌ఎస్ ఇచ్చేస్తే లాభనష్టాల్లో తేడా రాదు, కానీ అమ్మకాలూ డిస్కౌంట్లూ రెండూ ఉబ్బుతాయి. ఏడాది చివర్లో లేని డిస్కౌంట్ గురించి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. రెండింటికీ ఒకే కొత్త కీ ఇచ్చి, వీకేఓఏలో (కీని ఖాతాకు జోడించే స్క్రీన్) ఒకే క్లియరింగ్ ఖాతాకు కలపండి. ఆ ఖాతా నిల్వ ఎప్పుడూ సున్నా ఉండాలి. నెలాఖరున సున్నా కాకపోతే ఏదో బిల్లులో ఒక వరుస వచ్చి రెండోది రాలేదని అర్థం. ఇంతకంటే చవకైన తనిఖీ ఇంకోటి లేదు.

ఇప్పటిదాకా చెప్పింది సులువైన సగం. అసలు తలనొప్పులు బిల్లు బయటికి వెళ్ళాక మొదలవుతాయి.

ఇ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, చూద్దాం. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటిన అందరికీ ఇది తప్పనిసరి, మీరూ అందులో ఉండే ఉంటారు. పోర్టల్ లెక్కలు సరిచూస్తుంది. ఐటెమ్‌లో అసెసబుల్ విలువకు, రేటుకు, పన్నుకు పొంతన కుదరాలి. మీ ఇంటర్‌ఫేస్ నికర విలువ 23,000ను అసెసబుల్ విలువగా, పన్నును 4,500గా పంపితే 18 శాతానికి పొంతన కుదరక తిరగ్గొడుతుంది. ఐటెమ్ స్థాయిలో యూనిట్ ధర 50, స్థూల మొత్తం 25,000, అసెసబుల్ విలువ 25,000, పన్ను 4,500, ఐటెమ్ మొత్తం 29,500 పంపాలి. తర్వాత ఇన్‌వాయిస్ స్థాయిలో ఉండే డిస్కౌంట్ గడిలో 2,000 పెడితే చివరి మొత్తం 27,500 అవుతుంది. ఐటెమ్ స్థాయి డిస్కౌంట్ గడిలో మాత్రం పెట్టకండి, అది అసెసబుల్ విలువనే తగ్గించేస్తుంది. మ్యాపింగ్ మార్చాక ముందు పోర్టల్ శాండ్‌బాక్స్‌లో (పరీక్ష కోసం ఉండే చోట) ఒక బిల్లు పంపి చూడండి.

ప్రింట్‌లో ఆ 2,000ను ‘డిస్కౌంట్’ అని వేయొద్దు. కస్టమర్ బిల్లుల విభాగం వాళ్ళు అది నిజం డిస్కౌంటే అనుకుంటారు. ‘అమార్టైజేషన్ – పన్ను విలువ కోసం మాత్రమే’ అని ఒక వరుస కలిపి, పన్నుల తర్వాత ‘తగ్గింపు: అమార్టైజేషన్’ అని ఇంకో వరుస. చదివినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) రిపోర్టు పన్ను విలువను ఎక్కణ్ణుంచి తీస్తుందో మీ ప్రోగ్రామర్‌ని అడగండి. సొంతంగా రాసుకున్న చాలా రిపోర్టులు బిల్లు ఐటెమ్ నికర విలువను తీసుకుంటాయి. అప్పుడు 23,000 మీద 4,500 పన్ను, అంటే 19.57 శాతం. అలాంటి రేటు చట్టంలో లేదు. పన్ను కండిషన్ తాలూకు బేస్ విలువను తీసుకోవాలి. అది శాప్ పాత వెర్షన్ ఈసీసీలో కాన్‌వ్ టేబుల్లో, కొత్త వెర్షన్ ఎస్/4 హానాలో పీఆర్‌సీడీ ఎలిమెంట్స్‌లో ఉంటుంది. ఏడాది చివర జీఎస్టీఆర్-9సీ (పుస్తకాలకూ రిటర్నులకూ పొంతన చూపే పత్రం) వేసేటప్పుడు పుస్తకాల్లోని టర్నోవర్ కంటే జీఎస్టీ టర్నోవర్ ఎక్కువ కనిపిస్తుంది. ఆ తేడా ఏడాదిలో నడిచిన జెడ్‌ఏఎమ్‌టీ మొత్తానికి సమానం కావాలి, ఆ నివేదిక దగ్గర పెట్టుకోండి.

కస్టమర్ వైపు సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. వాళ్ళ పర్చేజ్ ఆర్డర్‌లో 46 రూపాయల ధర, 18 శాతం పన్ను ఉంటాయి. వాళ్ళ సిస్టమ్ 4,140 పన్ను రావాలనుకుంటుంది, మీ బిల్లులో 4,500 ఉంటుంది. 360 తేడాతో బిల్లు వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది, డబ్బు రాదు. అందుకే వాళ్ళ ఆర్డర్‌లో కూడా అమార్టైజేషన్ రేటు ఒక కండిషన్‌గా ఉండాలి. అది పెట్టించకుండా మీరు మొదటి బిల్లు పంపొద్దు. ఇది మీ సేల్స్ వాళ్ళు చేయాల్సిన పని, కన్సల్టెంట్ చేయలేడు.

సరుకు వాపసు వచ్చినప్పుడు ఇచ్చే క్రెడిట్ నోట్‌లో అమార్టైజేషన్ మీద వేసిన పన్ను కూడా వెనక్కి వెళ్ళాలి. మూల బిల్లు రిఫరెన్స్‌తో చేసి, కాపీ కంట్రోల్‌లో (ఒక పత్రం నుంచి ఇంకోదానికి వివరాలు తెచ్చే సెట్టింగ్) ప్రైసింగ్ టైప్ డీ పెట్టండి, కండిషన్లన్నీ ఉన్నవున్నట్టు వస్తాయి. బీ పెడితే కొత్తగా ధర లెక్కేస్తుంది, ఈలోపు టూల్ అయిపోయి జెడ్‌ఏఎమ్‌టీ రికార్డు ముగిసిపోయుంటే పన్ను తక్కువగా వెనక్కి వెళ్తుంది. పన్ను రేటు మారినప్పుడు కూడా ఇదే చిక్కు. 2025 సెప్టెంబరు 22న వాహన విడిభాగాల రేటు 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ తేదీకి ముందు బిల్లు అయిన సరుకు తర్వాత వాపసు వస్తే పాత రేటే తిరగాలి, బీ పెట్టినవాళ్ళకు 18 శాతం తిరిగింది.

ధరల సవరణ సప్లిమెంటరీ బిల్లుల్లో దీనికి తలకిందుల సమస్య. పీసు ధర 46 నుంచి 47కు పాత తేదీ నుంచి పెరిగిందనుకోండి, డెబిట్ నోట్‌లో ఆ ఒక్క రూపాయి మీదే పన్ను పడాలి. డెబిట్ ఆర్డర్‌లో అదే మెటీరియల్, అదే పరిమాణం ఉంటాయి కాబట్టి జెడ్‌ఏఎమ్‌టీ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, ఒకే పీసుకు రెండుసార్లు అమార్టైజేషన్ పన్ను. సప్లిమెంటరీ ఆర్డర్ రకానికి వేరే డాక్యుమెంట్ ప్రైసింగ్ ప్రొసీజర్ ఇచ్చి, ఓవీకేకేలో (ఏ ఆర్డర్‌కు ఏ ప్రొసీజర్ అని చెప్పే స్క్రీన్) ఈ రెండు వరుసలు లేని ప్రొసీజర్‌కు కలపండి.

అమార్టైజేషన్ ఎప్పుడు ఆపాలన్నది తేదీతో తేలే విషయం కాదు, వేసిన అమార్టైజేషన్ మొత్తం టూల్ ఖర్చు 12,00,000కు చేరినప్పుడు ఆగాలి. వి/06లో కండిషన్ అప్‌డేట్ (బిల్లుల్లో వాడిన మొత్తాన్ని పోగుచేసే ఆప్షన్) పెట్టి, వీకే11 రికార్డు అదనపు వివరాల్లో గరిష్ఠ కండిషన్ విలువ 12,00,000 అని ఇస్తే సిస్టమే ఆపుతుంది. నేను దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోను. నెలకోసారి పార్ట్‌వారీగా జెడ్‌ఏఎమ్‌టీ ఎంతైందో బిల్లింగ్ నుంచి తీసి, టూల్ రూమ్ షాట్ లెక్కతో పక్కపక్కన పెట్టి చూడమంటాను. మీరు మూడో రకం అయితే, అంటే డబ్బు నిజంగా వసూలు చేస్తుంటే, ఇది మరీ ముఖ్యం. పరిమితి దాటాక ఒక్క రోజు వసూలు చేసినా కస్టమర్ పట్టుకుంటాడు.

శాప్ లేకుండా ట్యాలీ వాడేవాళ్ళు కూడా దీన్ని చదువుతారు కాబట్టి ఒక మాట. అక్కడ రెండు లెడ్జర్లు. మొదటిదాంట్లో అసెసబుల్ విలువ లెక్కలో చేర్చే ఆప్షన్‌కు జీఎస్టీ అని, రెండోదానికి అలాంటిదేమీ లేకుండా. బిల్లులో మొదటిది ప్లస్, పన్నుల తర్వాత రెండోది మైనస్. మామూలుగా అక్కడ మొత్తం చేత్తో వేయాలి. బిల్లులు ఎక్కువైతే అది కష్టం.

ప్రొడక్షన్‌లోకి (అసలు బిల్లులు నడిచే సిస్టమ్‌లోకి) పంపేముందు క్వాలిటీ సిస్టమ్‌లో (పరీక్షల కోసం ఉండేది) అమార్టైజేషన్ ఉన్న పార్టూ లేని పార్టూ ఒకే బిల్లులో పెట్టి ఒకసారి, వేరే రాష్ట్రం కస్టమర్‌కు ఐజీఎస్టీతో ఒకసారి, పాక్షిక వాపసుతో ఒకసారి, బిల్లు రద్దు చేసి ఒకసారి నడపండి. ప్రతిసారీ క్లియరింగ్ ఖాతా సున్నా వచ్చిందో లేదో చూడండి. ఒప్పందంలో టూల్ గురించి ఉన్న వాక్యాన్ని పేర్లు తీసేసి ఇక్కడ రాస్తే, మీది నిజంగా రెండో రకమేనా కాదా చెప్తాను. మొదటి రకమని తేలితే ఇందులో ఏదీ చేయక్కర్లేదు, ఉన్న అమార్టైజేషన్ రికార్డులకు గడువు ముగించేయడమే.